అంటార్కిటికాలో మౌంట్ సిన్హా: ఆ చిన్న శిఖరానికి ఆ పేరు ఎలా వచ్చింది?

బడిపంతులమ్మ | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను మార్కాపురం వైపు ఒక ఊళ్లో హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇవాళ ఎనిమిదో తరగతిలో ఖండాల పాఠం నడుస్తుంటే ఒక పిల్లాడు లేచి, "టీచర్, అంటార్కిటికాలో మన ఇండియా ఆయన పేరుతో ఒక కొండ ఉందంట కదా, మా మామ ఫోన్లో చూపించాడు, నిజమేనా?" అని అడిగాడు. నాకు తెలియదు. కనుక్కుని చెబుతానని కూర్చోబెట్టాను.

ఇంటికొచ్చి వెతికితే మౌంట్ సిన్హా అనే పేరు దొరికింది. ఎత్తు 990 మీటర్లట. 2014లో పేపర్లలో వచ్చిన వార్తలు కూడా కనపడ్డాయి. కానీ చదివేకొద్దీ సందేహాలు పెరిగాయి. ఆ సిన్హా గారు ఆ కొండ ఎక్కారా? ఎవరికీ చెందని ఖండంలో పేర్లు పెట్టే అధికారం ఎవరిది? తెలుగులో ఎలా రాయాలి, సిన్హా పర్వతమా, సిన్హా శిఖరమా, మౌంట్ సిన్హానా? పిల్లలకు తప్పు చెబితే వాళ్లు జీవితమంతా అదే గుర్తుపెట్టుకుంటారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పటాలరాయుడు | సోమవారం, రాత్రి 10:42

టీచర్ గారూ, ఆ పిల్లాడికి నా తరఫున శభాష్ చెప్పండి. ఉన్నమాటే.

అట్లాస్ తీసి చూడమనండి. 75 డిగ్రీల 4 నిమిషాల దక్షిణ అక్షాంశం, 136 డిగ్రీల 9 నిమిషాల పశ్చిమ రేఖాంశం. పశ్చిమ అంటార్కిటికాలో మేరీ బర్డ్ ల్యాండ్ అనే ప్రాంతం. దాని తీరం దగ్గర మెక్‌డొనాల్డ్ హైట్స్ అని మంచు కప్పుకున్న ఎత్తైన నేల ఉంది. ఆ ఎత్తుల నైరుతి అంచు పొడుగునా ఎరిక్సన్ బ్లఫ్స్ అనే రాతి గోడలు ఉన్నాయి. ఆ గోడలు ఆగ్నేయాన ముగిసే చోట ఉన్నదే మౌంట్ సిన్హా. దాని కాళ్ల దగ్గర నుంచి కర్క్‌ప్యాట్రిక్ హిమానీనదం పోతుంది. అక్కడి నుంచి దక్షిణ ధ్రువం దాదాపు 1,660 కిలోమీటర్లు.

ఇక సిన్హా గారి సంగతి. అఖౌరి సిన్హా జంతుశాస్త్రవేత్త. బీహార్‌లోని బక్సర్ ప్రాంతం వారు. అమెరికా వెళ్లి, మినెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1971-72 సీజన్‌లో బెల్లింగ్స్‌హాసెన్, అముండ్సెన్ సముద్రాల్లో సీల్స్ అనే సముద్ర జంతువులు, తిమింగలాలు, పక్షులు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టడానికి ఒక జీవశాస్త్ర బృందం వెళ్లింది. ఆయన అందులో సభ్యుడు. వాళ్లు వెళ్లింది అమెరికా కోస్ట్ గార్డ్ వారి సౌత్‌విండ్ అనే ఓడలో. అది మంచును చీల్చుకుంటూ పోయే ఓడ. దాని మీద రెండు హెలికాప్టర్లు ఉండేవి.

కొండ ఎక్కినందుకు పెట్టిన పేరు కాదు ఇది, చేసిన పనికి గుర్తుగా పెట్టింది. పిల్లలకు ఈ మాట ముందు చెప్పండి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇంకొకటి. 2014 వార్తలు చదివితే పేరు ఆ ఏడాదే పెట్టారేమో అనిపిస్తుంది. కాదు. అమెరికా వాళ్ల అంటార్కిటికా పేర్ల పుస్తకాల్లోకి అది అంతకు చాలా ముందే ఎక్కింది. మన పేపర్లకు తెలిసింది 2014లో, అంతే.

సూటిమాట | మంగళవారం, ఉదయం 7:05

చదివాను. నా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంది, ఎవరూ ఏమీ అనుకోవద్దు. 990 మీటర్లు అంటే మన అరకు లోయ ఎత్తు కంటే కొంచెం ఎక్కువ. ఎవరూ వెళ్లరు, ఎవరూ చూడరు. పేరు పెట్టింది అమెరికా కమిటీ. ఆయన పనిచేసింది కూడా అమెరికా కోసమే. ఇందులో మనం గర్వపడాల్సింది ఏముంది? "మనవాడి పేరు" అని పిల్లలకు చెప్పడం కంటే, మన దేశం అక్కడ ఏం చేసిందో చెప్పడం మేలు కాదా? అక్కడ మన దేశం నడిపే మైత్రి, భారతి పరిశోధన కేంద్రాల గురించి ఎంతమంది పిల్లలకు తెలుసు?

ఇందూరుపిల్ల | మంగళవారం, ఉదయం 8:31

సూటిమాట అన్నా, రెండూ చెప్పొచ్చు కదా. మా నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ 2019 డిసెంబర్‌లో అంటార్కిటికాలోనే అన్నిటికంటే ఎత్తైన మౌంట్ విన్సన్ ఎక్కింది. 4,892 మీటర్లు. అంతకు ముందు 2014లో పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. మా ఊళ్లో ఆ పేరు తెలియని ఆడపిల్ల లేదు. టీచరక్కా, అంటార్కిటికా పాఠంలో పూర్ణ పేరు కూడా చెప్పండి, పిల్లలు మస్తు ఇష్టంగా వింటారు.

పెన్నాతీరం | మంగళవారం, ఉదయం 9:20

చెల్లెమ్మా, పూర్ణ పేరు చెబితే మా నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు పేరు కూడా చెప్పాలి. 2006 జనవరిలో విన్సన్ ఎక్కాడు. అక్కడి నుంచి మొదలుపెట్టి, ఏడు ఖండాల్లోనూ అన్నిటికంటే ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో పూర్తి చేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో చనిపోయాడు. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో ఏ ఇంట్లోనూ టీవీ కట్టేయలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. విన్సన్ అనే పేరు ఎవరిది? కార్ల్ విన్సన్ అని అమెరికా జార్జియా రాష్ట్రానికి చెందిన కాంగ్రెస్ సభ్యుడు. అంటార్కిటికా యాత్రలకు ప్రభుత్వం మద్దతు ఇచ్చేలా చూసినందుకు ఆయన పేరు పెట్టారు. అన్నిటికంటే పెద్ద శిఖరం రాజకీయ నాయకుడికి పోయింది. నెలల తరబడి ఓడలో ఉండి సీల్స్ లెక్కపెట్టిన మనిషికి 990 మీటర్లు దక్కాయి. అయినా నాకు ఆ చిన్న శిఖరం పేరే ఎక్కువ నచ్చింది.

పటాలరాయుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

సూటిమాట గారి ప్రశ్న తీసిపారేసేది కాదు. పేరు పెట్టే అధికారం ఎవరిది అన్నది టీచర్ గారు కూడా అడిగారు. కొంచెం వివరంగా రాస్తాను.

అంటార్కిటికాలో ఎప్పుడూ స్థిరంగా ఉన్న జనం లేరు. కాబట్టి ఊరివాళ్లు అనాదిగా పిలిచే పేరు అనేదే లేదు. ప్రతి కొండకూ, గుట్టకూ, మంచు నదికీ పేరు పెట్టింది బయటి నుంచి వచ్చినవాళ్లే. పేర్లన్నిటినీ ఖాయం చేసే ఒకే ఒక్క సంస్థ కూడా లేదు. అక్కడ పనిచేసే దేశాలు ఎవరికి వారు కమిటీలు పెట్టుకున్నాయి. అమెరికాకు ఒకటి, బ్రిటన్‌కు ఒకటి, బల్గేరియాకు కూడా ఒకటి ఉంది. బల్గేరియా చిన్న దేశమే కానీ 1994లో కమిషన్ పెట్టుకుని ఇప్పటికి 1,600కు పైగా పేర్లు పెట్టింది. తమ పాత దేవుడు తంగ్రా పేరు ఒక పర్వత శ్రేణికి, తమ ఊళ్ల పేర్లు శిఖరాలకు. ఈ దేశాలన్నీ పెట్టిన పేర్లను కలిపి అంటార్కిటికా పరిశోధనల అంతర్జాతీయ సంఘం ఒక ఉమ్మడి నామకోశం నడుపుతోంది. అందులో 37,000కు పైగా పేర్లు ఉన్నాయి. కానీ అన్ని స్థలాలు లేవు. ఒకే స్థలానికి రెండు మూడు దేశాలు వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భాలు బోలెడు.

అమెరికా కమిటీ పద్ధతి చెబుతాను, ఎందుకంటే మౌంట్ సిన్హా వాళ్లు పెట్టిందే. వాళ్లు భూరూపాలను మూడు తరగతులుగా విడగొట్టారు. పెద్ద ప్రాంతాలు, పొడవైన తీరాలు, మహా పర్వత శ్రేణులు మొదటి తరగతి. పెద్ద హిమానీనదాలు, ద్వీపకల్పాలు, ప్రముఖమైన పర్వతాలు రెండో తరగతి. చిన్న శిఖరాలు, రాతి గోడలు, మంచులోంచి పొడుచుకొచ్చిన రాళ్లు మూడో తరగతి. మనిషి చేసిన పని పెద్దదైతే పెద్ద భూరూపం, ఒక సీజన్ బృందంలో సభ్యుడిగా పనిచేస్తే చిన్నది. ఏవి కుదరవో కూడా రాసి పెట్టుకున్నారు. బంధుత్వం వల్లో స్నేహం వల్లో పేరు పెట్టకూడదు. అమ్ముకునే సరుకుల పేర్లు పనికిరావు. బండి లాగిన కుక్కల పేర్లు, పెంపుడు జంతువుల పేర్లు కూడా కుదరవు.

ఈ నియమాలు రాకముందు మాత్రం సొంతవాళ్ల పేర్లు బాగానే పడ్డాయి. మౌంట్ సిన్హా ఉన్న మేరీ బర్డ్ ల్యాండ్ సంగతే చూడండి. రిచర్డ్ బర్డ్ 1929లో తన భార్య పేరు పెట్టాడు. అంతకు తొంభై ఏళ్ల ముందు, 1840లో, ఫ్రెంచి నావికుడు డ్యూమాన్ డర్విల్ తన భార్య అదేలీ పేరు ఒక తీరానికి పెట్టాడు. అదేలీ పెంగ్విన్లకు ఆ పేరు వచ్చింది అక్కడి నుంచే.

మదనపల్లెమామ | మంగళవారం, సాయంత్రం 6:48

రాయుడు గారూ, "ఊరివాళ్లు పిలిచే పేరు లేదు" అన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. మా దగ్గర హార్స్‌లీ హిల్స్ అందరికీ తెలుసు. కడప కలెక్టర్‌గా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకుంటే ఆయన పేరు పడింది. అంతకు ముందు దానికి పేరు లేదా? ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని మా జేజి కథ చెప్పేది. ఇప్పటికీ అక్కడ మల్లమ్మ గుడి ఉంది. బోర్డుల మీద మాత్రం దొర పేరే.

ఉన్న పేరు చెరిపి ఇంకో పేరు రాస్తే నాకు బాధ. మౌంట్ సిన్హా విషయంలో ఆ బాధ లేదు. అక్కడ ఏ మల్లమ్మ పేరూ చెరిపేయలేదు కదా.

ఖలాసీకొడుకు | మంగళవారం, రాత్రి 11:30

చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నాను. ఈ థ్రెడ్ చదివాక నిద్ర పట్టలేదు.

మా నాన్న సర్వే పార్టీలో ఖలాసీ. ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. కొండ మీదికి పరికరం మోసుకెళ్లడం, గొలుసు పట్టుకోవడం, జెండా పాతి గంటల కొద్దీ ఎండలో నిలబడటం. కోణాలు కొలిచే థియోడలైట్ పెట్టె మోసి మోసి ఎడమ భుజం మీద అరచేయంత కాయ కాసింది. చిన్నప్పుడు ఆ కాయ మీద వేలు పెట్టి నొక్కితే నాన్నకు తెలిసేది కాదు, చర్మం అంత మొద్దుబారింది. ఆయన నడిచిన కొండల మ్యాపులు నేను పెద్దయ్యాక కొన్నాను. మూల మీద ఆఫీసు పేరు, సంవత్సరం ఉన్నాయి. రిపోర్టులో ఆఫీసర్ల పేర్లు ఉన్నాయి. ఖలాసీల పేరు ఒక్కటీ లేదు. ఎవరినీ తిట్టాలని రాయడం లేదు. అప్పటి పద్ధతి అది.

ఎవరెస్ట్ సంగతీ అంతే కదా. అది లోకంలో అన్నిటికంటే ఎత్తైనదని 1852లో లెక్క తేల్చింది రాధానాథ్ సిక్దర్. పేరు మాత్రం జార్జ్ ఎవరెస్ట్‌ది, అప్పటికే రిటైరై ఇంగ్లండ్ వెళ్లిపోయిన పెద్ద సర్వేయర్. టిబెట్ వైపు జనం పిలుచుకునే చోమోలుంగ్మా అనే పేరు ఉండగానే ఇది జరిగింది.

అందుకే సూటిమాట గారూ, దేశం సంగతి పక్కన పెడితే, ఒక బృందంలో మామూలు సభ్యుడిగా లెక్కలు రాసుకున్న మనిషి పేరు మ్యాప్ మీద ఉండటం చిన్న విషయం కాదు. ఎత్తు 990 అయినా, 90 అయినా.

సూటిమాట | బుధవారం, ఉదయం 6:40

అన్నా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. ఎత్తును బట్టి విలువ కట్టడం నా పొరపాటే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మన దేశపు కేంద్రాల గురించి పిల్లలకు చెప్పాలన్న మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను.

మంచుగాలి | బుధవారం, మధ్యాహ్నం 12:22

ఆ కేంద్రాల మాట వచ్చింది కాబట్టి నేను రాయాలి. మైత్రిలో ఒక వేసవి సీజన్ పనిచేశాను. మౌంట్ సిన్హా వైపు వెళ్లలేదు, అది ఖండానికి అవతలి పక్క. కానీ పేర్ల గురించి అక్కడ రోజూ ఎదురయ్యేది చెబుతాను.

మైత్రి 1989 నుంచి నడుస్తోంది. షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతి నేల మీద ఉంది. చుట్టూ మంచు, మధ్యలో గోధుమ రంగు రాళ్లు, వందకు పైగా చిన్న చెరువులు. షిర్మాకర్ ఎవరంటే 1938-39లో వచ్చిన జర్మన్ యాత్రలో విమానం నడిపిన పైలట్. పైనుంచి ఈ నేలను చూసినవాడు. కేంద్రానికి నీళ్లు వచ్చే చెరువును మనం ప్రియదర్శిని అంటాం. అదే చెరువుకు విదేశీ మ్యాపుల్లో జూబ్ అని ఉంటుంది. ఐదు కిలోమీటర్ల లోపే రష్యావాళ్ల నొవొలజారెవ్‌స్కాయా కేంద్రం. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక పేరు, మనలో మనం అనుకునేటప్పుడు ఇంకో పేరు. పంపు గడ్డకట్టిన రోజు మాత్రం ఎవరూ ఏ పేరూ వాడరు, "చెరువు దగ్గరికి పదండి" అంటారు.

అంతకు ముందు కట్టిన దక్షిణ గంగోత్రి కేంద్రం 1983-84 నాటిది. అది మంచు ఫలకం మీద కట్టింది కాబట్టి ఏటేటా మంచులో కూరుకుపోయింది. 1990లో వదిలేశారు. భారతి 2012లో వచ్చింది. సముద్రం అడుగున ఉన్న ఒక పర్వతానికి మన మొదటి యాత్రవాళ్లు ఇందిరా మౌంట్ అని పేరు పెట్టారు. ఆ యాత్ర 1981-82లో ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో జరిగింది. సూటిమాట గారూ, పిల్లలకు చెప్పాల్సినవి ఇవి.

కొండల గురించి ఒక్క మాట. అక్కడ గాల్లో దుమ్ము ఉండదు. ఎనభై కిలోమీటర్ల అవతలి కొండ కూడా నడిచి వెళ్లి టీ టైముకు తిరిగి రావచ్చు అన్నట్టు కనిపిస్తుంది. మొదటి వారం నేను కళ్లతో దూరం అంచనా వేయడం మానేశాను. మంచు మైదానంలోంచి రాయి ఒక్కటే నల్లగా పైకి పొడుచుకొస్తుంది. దాన్ని నునటాక్ అంటారు, గ్రీన్‌లాండ్ జనం భాష నుంచి వచ్చిన మాట. తుఫాను మొదలైతే ముందు ఆ నల్ల రాళ్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. "ఫలానా రాయి కనపడటం లేదు" అని ఎవరైనా అంటే బయట ఉన్నవాళ్లందరూ సామాన్లు సర్దుకుని వెనక్కి తిరగాలి. ఆ రాయికి పేరు లేకపోతే ఆ మాట చెప్పడం ఎలా?

బడిపంతులమ్మ | బుధవారం, రాత్రి 8:55

ఇంత రాస్తారని అనుకోలేదు. ఇవాళ క్లాసులో గ్లోబు తిప్పి కిందివైపు చూపించాను. అసలు ఆ వైపు గ్లోబుకు ఇనప కడ్డీ బిగించే బిళ్ల ఉంటుంది, అంటార్కిటికా సగం దాని కిందే దాక్కుంది. స్క్రూ విప్పి చూపించాల్సి వచ్చింది. మౌంట్ సిన్హా అక్కడెక్కడో ఉందని సుద్దముక్కతో చిన్న చుక్క పెట్టాను.

మంచుగాలి గారి "రాయి కనపడటం లేదు" అన్న మాట చెప్పగానే క్లాసంతా నిశ్శబ్దం. వెనక బెంచీ అమ్మాయి ఒకటి అడిగింది: "ఆ కొండ ఏ దేశంలో ఉంది టీచర్?" మేరీ బర్డ్ ల్యాండ్ అన్నాను. "అది అమెరికాదా?" అంది. అమెరికా పేరు పెట్టింది కాబట్టి అమెరికాదేనని ఇంకొకడు. దీనికి గట్టి జవాబు కావాలి.

పటాలరాయుడు | బుధవారం, రాత్రి 10:18

ఎవరిదీ కాదు. ఈ జవాబు ధైర్యంగా చెప్పండి.

ఏడు దేశాలు అంటార్కిటికాలో ముక్కలు మావని చెప్పుకున్నాయి. కానీ 1959లో సంతకాలు జరిగి 1961లో అమల్లోకి వచ్చిన అంటార్కిటికా ఒప్పందం ఆ హక్కుల గొడవను ఎక్కడిదక్కడ ఆపేసింది. కొత్తగా ఎవరూ నాది అనకూడదు, పాతవాళ్లు పెంచుకోకూడదు. మన దేశం 1983లో అందులో చేరింది. మేరీ బర్డ్ ల్యాండ్‌లో అధిక భాగం ఆ ఏడు దేశాల్లో ఏదీ నాదని అడగని నేల. భూమ్మీద ఎవరూ హక్కు చెప్పని ప్రాంతాల్లో అన్నిటికంటే పెద్దది అదే. మౌంట్ సిన్హా నిలబడింది ఆ నేల మీద. పేరు పెడితే హక్కు రాదు.

నిన్న రాత్రి మ్యాపు ముందు కూర్చుని ఇంకొంచెం తవ్వాను. దొరికింది చూసి నాకే సంతోషమేసింది. మౌంట్ సిన్హా ఏ రాతి గోడల కొసన ఉంది? ఎరిక్సన్ బ్లఫ్స్. ఎరిక్సన్ ఎవరు? ఆల్బర్ట్ ఎరిక్సన్, 1971-72లో సౌత్‌విండ్ ఓడలో వెళ్లిన ఆ జీవశాస్త్ర బృందానికి నాయకుడు. ఆ గోడల వాయవ్యపు కొసకు గిల్బర్ట్ బ్లఫ్ అని పేరు. జేమ్స్ గిల్బర్ట్ కూడా అదే బృందంలో సభ్యుడు. అంటే ఒక కొసన గిల్బర్ట్, రెండో కొసన సిన్హా, మధ్య పొడుగంతా నాయకుడు ఎరిక్సన్. ఒకే ఓడలో తిరిగిన మనుషులను మ్యాపు మీద కూడా పక్కపక్కనే ఉంచారు.

ఇంకో సంగతి. వాళ్లు పనిచేసిన అముండ్సెన్ సముద్రం 126వ పశ్చిమ రేఖాంశం దగ్గర ముగుస్తుంది. మౌంట్ సిన్హా 136 దగ్గర ఉంది. మన దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ అంటే వంద కిలోమీటర్ల పైమాటే. 75వ అక్షాంశం దగ్గర రేఖలన్నీ ధ్రువం వైపు దగ్గరికి రావడం వల్ల ఒక డిగ్రీ 29 కిలోమీటర్లే. అయినా పది డిగ్రీలంటే 290 కిలోమీటర్లు. అంటే ఆ శిఖరం వాళ్లు సీల్స్ లెక్కపెట్టిన సముద్రానికి అంత పడమరగా ఉంది. ఆ ప్రాంతాన్ని 1959-65 మధ్య సర్వేలు, అమెరికా నౌకాదళం విమానాల నుంచి తీసిన ఫోటోలు ఆధారంగా మ్యాపు గీశారు. మ్యాపు మీద పేరు లేని శిఖరాలు వరుసగా కనపడ్డాయి, పని చేసిన మనుషుల జాబితా ఉంది. రెంటినీ జత చేశారు.

ఖలాసీకొడుకు | బుధవారం, రాత్రి 10:51

బృందాన్ని విడదీయకుండా పక్కపక్కనే పెట్టారన్నమాట. రాయుడు గారూ, ఇది చదివి నాన్నకు ఫోన్ చేశాను. ఆయనకు ఎనభై దాటాయి. మొత్తం విని, "మాతో పనిచేసినోళ్లు పదకొండు మంది" అని ఒక్కొక్కరి పేరూ చెప్పడం మొదలుపెట్టాడు. నేను రాసుకున్నాను.

ఇందూరుపిల్ల | గురువారం, ఉదయం 9:02

తెలుగులో ఎలా రాయాలో ఇంకా తేల్చలేదు. నా ఓటు సిన్హా శిఖరానికి. మన భాషలో మాట ఉండగా మౌంట్ ఎందుకు?

పటాలరాయుడు | గురువారం, ఉదయం 9:40

అమ్మా, మౌంట్ అనేది ఇక్కడ పేరులో భాగం. మనం మౌంట్ ఎవరెస్ట్, మౌంట్ అబూ అన్నట్టే మౌంట్ సిన్హా అంటే మ్యాపులో వెతికేవాడికి దొరుకుతుంది. మొదటిసారి పేరు అలా రాసి, తర్వాత వాక్యాల్లో "ఈ శిఖరం" అనుకోవచ్చు. పర్వతం అంటే పెద్ద ఆకారం గుర్తొస్తుంది, కాబట్టి నేనైతే ఆ మాట వాడను. బ్లఫ్స్‌కు మాత్రం రాతి గోడలు అన్నది చక్కగా కుదిరింది.

బడిపంతులమ్మ | గురువారం, సాయంత్రం 5:30

బోర్డు మీద మౌంట్ సిన్హా అనే రాశాను. పూర్ణ, మస్తాన్ బాబు ఎక్కిన విన్సన్ పక్కన, మైత్రి, భారతి చుక్కల రంగు వేరుగా. గిల్బర్ట్, ఎరిక్సన్, సిన్హా వరుస గీసి చూపిస్తే పిల్లలకు బాగా ఎక్కింది.

మొదట అడిగిన పిల్లాడు మళ్లీ లేచాడు. "సీల్స్ నీళ్లలో మునిగి ఉంటాయి కదా టీచర్, హెలికాప్టర్లోంచి చూస్తే మునిగినవి కనపడవు. మరి లెక్క తప్పు కాదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ రేపు చెబుతానన్నాను. వాడు ఈసారి నవ్వాడు.

మంచుగాలి | గురువారం, రాత్రి 9:14

టీచర్ గారూ, సరిగ్గా ఆ బృందాలను ఇబ్బంది పెట్టిన ప్రశ్నే మీ పిల్లాడు అడిగాడు.

ఆ సముద్రపు మంచు మీద నాలుగు రకాల సీల్స్ ఉంటాయి. క్రాబ్‌ఈటర్, వెడ్డెల్, లెపర్డ్, రాస్. పేరులో క్రాబ్ ఉన్నా క్రాబ్‌ఈటర్ తినేది పీత కాదు, క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవి. లోకంలో అన్ని సీల్స్ కంటే ఎక్కువ సంఖ్యలో ఉన్నది అదే. హెలికాప్టర్ తిన్నగా ఒక గీత మీద పోతుంది, ఆ గీతకు అటూ ఇటూ కొంత వెడల్పులో మంచు మీద పడుకున్నవాటిని లెక్కిస్తారు. మునిగినవి లెక్కలోకి రావు, నిజమే. అందుకే ఎప్పుడు లెక్కపెట్టారన్నది ముఖ్యం. క్రాబ్‌ఈటర్లు మధ్యాహ్నం వేళ ఎక్కువగా మంచు మీదికి వచ్చి పడుకుంటాయి, రాత్రి వేళ ఎక్కువ నీళ్లలో ఉంటాయి. కాబట్టి ప్రతి లెక్క పక్కన గంట రాసుకోవాలి. ఏ గంటకు ఎంత శాతం పైన ఉంటాయో తెలిస్తే మునిగినవాటిని కూడా అంచనా కట్టొచ్చు.

ఆ అంకెలు ఎందుకు కావాలంటే, 19వ శతాబ్దంలో దక్షిణ షెట్లాండ్ దీవుల్లో బొచ్చు సీల్స్‌ను దాదాపు లేకుండా వేటాడేశారు. మళ్లీ అలా జరగకుండా 1972లో లండన్‌లో అంటార్కిటికా సీల్స్ రక్షణ ఒప్పందం కుదిరింది, 1978లో అమల్లోకి వచ్చింది. ఎన్ని ఉన్నాయో తెలియకపోతే ఎన్నిటిని కాపాడుతున్నామో తెలియదు కదా.

వాడి పేరు అడిగి ఉంచండి. పెద్దయ్యాక సీల్స్ లెక్కపెట్టడానికి వెళ్తానంటే ఎలా వెళ్లాలో నేను చెబుతాను.

బడిపంతులమ్మ | గురువారం, రాత్రి 9:37

రేపు మొదటి పీరియడ్ మాదే. మీరు రాసిన గంటల సంగతి వాడి చేతే బోర్డు మీద గీయిస్తాను. పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా గీత, ఎప్పుడు సీల్స్ పైకొస్తాయో అక్కడ ఎత్తుగా.